టికెట్టు వెనకాల మాటలు

ఇంగ్లీషు పరీక్షలో అభ్యర్థుల చేత మాట్లాడించి మార్కులు వేయడం నా ఉద్యోగం. పదకొండేళ్లుగా అదే గది, అదే బల్ల, మధ్యలో అదే రికార్డరు. జాతీయాలు సహజంగా వాడితే మార్కులు పడతాయని కోచింగువాళ్లు ఓ ముప్పై బట్టీ పట్టించి జనాన్ని నా మీదికి తోలతారు. గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు. ఏం సహజమో, నా మొహం. వింటుంటే ఒళ్లు మండుతుంది.

ఆ రోజు వచ్చినావిడకు నలభై దాటి ఉంటాయి. ఆస్పత్రిలో ఆయా. నర్సింగు చదివింది కానీ, ఈ పరీక్షలో తొమ్మిదికి ఏడు వస్తేగానీ విదేశాల్లో నర్సుగా తీసుకోరు. అప్పటికి రెండుసార్లు తప్పింది. మీకు ఏదైనా నేర్పిన మనిషి గురించి చెప్పమన్న కార్డు ఇచ్చాను. భర్త గురించి మొదలుపెట్టింది. మొదటి నిమిషంలోనే నాలుగు జాతీయాలు. "వియ్ ఆర్ ఆల్ ఇన్ ద సేమ్ బోట్" అంటూ చిన్నగా నవ్వింది కూడా. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆమె ఇంకా మాట్లాడుతుండగానే ‘బట్టీ మాటలు’ అని రాసి, ఆరున్నర వేసేశాను.

ఆమె చూపు నా కాగితం మీద పడింది. ఉన్నట్టుండి ఆగిపోయింది. ఇంగ్లీషు వదిలేసింది.

"మా ఆయన బస్సు కండక్టరండీ. ఎక్కినవాళ్లు మాట్లాడుకునేవి విని టికెట్టు వెనకాల రాసుకొచ్చేవాడు. నేను వంట చేస్తుంటే చదివి వినిపించేవాడు. బస్సు చెడిపోయి ఆగినప్పుడల్లా ఈ ‘అందరం ఒకే పడవలో ఉన్నాం’ మాట చెప్పి అందర్నీ నవ్వించేవాడంట. పోయి నాలుగు నెలలైంది."

రికార్డరు నడుస్తోంది. ఓదార్చకూడదు, కార్డులో లేని మాట అనకూడదు, అది నియమం. టైమ్ అయిపోయిందన్నాను. "సారీ మేడమ్" అని కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది.

మార్కు దిద్దే వీలుంది. దిద్దితే, వినకుండానే తొందరపడ్డానని పైవాళ్లకు రాసివ్వాలి. పదకొండేళ్ల అనుభవం కదా, నామోషీ అడ్డొచ్చింది. కాగితం అలాగే కవరులో పెట్టేశాను. ఆ పాడు చెయ్యి నాదే.

ఆరు నెలలకు మళ్లీ నా గదికే వచ్చింది. కార్డులో ఈసారి, మీకు సాయం చేసిన మనిషి. భర్త గురించే చెప్పాలని లోపల్లోపల బతిమాలుకున్నాను.

"మా కోచింగు సారు" అంది.

రెండు నిమిషాలూ తప్పు లేకుండా, తడుముకోకుండా మాట్లాడింది. ఒక్క జాతీయం లేదు. ఒక్కసారీ నవ్వలేదు. లెక్క ప్రకారం ఏడు వచ్చింది, ఏడూ వేశాను.

రికార్డరు ఆపాక తలుపు దగ్గర ఆగింది.

"పోయినసారి బట్టీ మాటలని రాశారు కదా మేడమ్. ఈసారి మా ఆయన మాట ఒక్కటి కూడా రానివ్వలేదు. పాసవుతానా?"

ఫలితం ముందుగా చెప్పకూడదు, అదీ నియమమే. తల దించుకుని కాగితాలు సర్దుకున్నాను.