ఎవరో ఒకరు

“కారు బ్యాటరీకి కేబుళ్లు కొనుక్కో, చాలు. ఎవరో ఒకరు వస్తారు కదా,” అన్నాడు భర్త, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. ఆ చొక్కా ఉతికిందీ, ఇస్త్రీ చేసిందీ ఎవరో ఒకరే. మూడో గుండీ ఊడిపోతే వెతికి పట్టుకుని కుట్టిందీ ఎవరో ఒకరే. ఆ ఇంట్లో ఎవరో ఒకరు పాలు కాచేవారు, ఎవరో ఒకరు ఫ్యాన్లు కట్టేసేవారు, ఎవరో ఒకరు ముసలావిడ కళ్లలో చుక్కలు వేసేవారు. ఆ ఎవరో ఒకరు చేసే చాకిరీ పది ఏనుగులకి పంచితే, సాయంత్రానికి పదీ మోకాళ్ల మీద కూలబడి సెలవు అడిగేవి.

ఏనుగులైతే సెలవు అడిగేవి గానీ, ఆ ఇంటి కోడలు నడక టీచరు అడగలేదు. ఆమె అసలు ఉద్యోగం ఫిజియోథెరపీ. పక్షవాతం వచ్చినవాళ్ల ఇళ్లకీ, ఎముకలు విరిగినవాళ్ల ఇళ్లకీ వెళ్లి, మళ్లీ నిలబెట్టి అడుగులు వేయిస్తుంది. అందుకే వీధంతా ఆమెను నడక టీచరు అంటారు. ఎందరి కాళ్లో కదిలించిన మనిషికి, సొంత ఇంటి ముందున్న కారు మాత్రం సోమవారం సోమవారం మొరాయించేది.

ఆ కారు వయసు సంగతి ఎత్తకూడదు. హారన్ నొక్కితే వైపర్లు ఊగుతాయనీ, వైపర్లు వేస్తే డిక్కీ నోరు తెరుస్తుందనీ వీధిలో చెప్పుకునేవారు. అందులో సగమే అబద్ధం. కానీ బ్యాటరీ మంచిదేనని మెకానిక్ రెండుసార్లు చెప్పాడు. “రాత్రంతా ఏదో వేసి వదిలేస్తున్నారు మేడం,” అన్నాడు. ఆ మాట ఇంట్లో చెప్పినందుకు “లైటు వేసి మర్చిపోయి ఉంటావ్. నీ ధ్యాస ఎక్కడుంటుందో!” అని మొగుడు నవ్వాడు. నిజమేనేమో అనుకుంది ఆమె. అప్పట్నుంచీ కారు దిగి తాళం వేశాక, వెనక్కి వచ్చి లైట్లు చూసుకునేది. మెట్లెక్కి, అనుమానం వచ్చి మళ్లీ దిగేది. పేషెంటు మడమ ఎంత వంగుతుందో నెల తర్వాత కూడా గుర్తుండే తనకి ఒక్క లైటు గుర్తుండకపోవడమేమిటని రాత్రి గిన్నెలు తోముతూ ఆలోచించేది. వయసా? అలసటా? ఇలాగే మొదలై, ఒకరోజు స్టవ్ మీద పాలు పెట్టి ఊరు దాటిపోతుందా?

కారు కదలనప్పుడల్లా వచ్చే ‘ఎవరో ఒకరు’ మేడ మీద వాటాలో ఉండే, వరసకి మాత్రమే మావయ్యగారు. వీధిలో ఆయన పేరు క్లచ్ మావయ్య. టైరులో గాలి లేకపోయినా క్లచ్చే కారణమనేవారు. తన కారు దింపి, ముక్కుకి ముక్కు ఆనించి, తన బ్యాటరీ నుంచి దీని బ్యాటరీకి సన్నపాటి కేబుళ్లు తగిలించి, ఇది స్టార్టయ్యేలోపు తాను ఒకప్పుడు క్లచ్ లేని లారీని కొండ మీదనుంచి వెనక్కి నడిపి దింపిన వైనం చెప్పేవారు. చెప్పినప్పుడల్లా కొండ కాస్త పెరిగేది. ఆమె చేతులు జోడిస్తే, “థాంక్సెందుకమ్మా, వీలు చూసుకుని పైకొచ్చి మా ఆవిడ, మీ మేడ మీద అత్తయ్య, మోకాలు ఒకసారి చూడు,” అనేవారు. ఆ ఒకసారి వారానికి ఒకసారి అయింది. మంచి మనిషే. ఆయన రాకపోతే కారు కదిలేదే కాదు. కానీ కొండ కథ పూర్తయ్యేసరికి, ఊరి అవతల ఆమె పేషెంటు, రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన, వాకర్ పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఆమె కోసం చూస్తుండేవాడు. వేరెవరు వచ్చినా అడుగు వేయనని మొండికేసే మనిషి.

కిందటి సోమవారం క్లినిక్ మేనేజరు ఫోన్ చేసింది. “ఇంకొక్కసారి లేటైతే నీ పేషెంట్లని వేరేవాళ్లకి ఇచ్చేస్తాను. ఏమనుకోకు.”

అందుకే శనివారం అత్తగారిని కంటి డాక్టరుకి చూపించి వస్తూ, కారు సామాన్ల దుకాణం ముందు ఆపింది. ఎండలో కారులో కూర్చోవడం ఇష్టంలేక అత్తగారు కూడా దిగింది. నల్లకళ్లద్దాలతో స్టూలు మీద కూర్చుంటే, దుకాణం ఆవిడదేనేమో అన్నట్టుంది.

దుకాణదారు రెండు సరుకులు బయట పెట్టాడు. ఒకటి కేబుళ్ల చుట్ట. “సన్నవి తీసుకోకండి మేడం, వేడెక్కిపోతాయి. ఇవి లావువి.” రెండోది టిఫిన్ డబ్బాంత పెట్టె. దానికే ఎర్రదొకటి, నల్లదొకటి క్లిప్పులున్నాయి. “ఇందులోనే కరెంటు ఉంటుంది. ఇంట్లో ఛార్జ్ చేసుకుని డిక్కీలో పడేసుకోవడమే. ఎర్రది ప్లస్సుకి, నల్లది మైనస్సుకి. తారుమారైతే కూత పెట్టి ఊరుకుంటుంది, ప్రమాదం లేదు.”

అలవాటుగా ఆమె చెయ్యి కేబుళ్ల మీదికి వెళ్లింది.

“ఇదిగో అబ్బాయ్, ఆ తాళ్లకి రెండో కొస దేనికి తగిలిస్తారు?” అంది అత్తగారు.

“ఇంకో కారుకి పెద్దమ్మా.”

“ఇంకో కారు లేకపోతే?”

“ఎవరో ఒకరు వస్తారు కదండీ.”

అత్తగారు కళ్లద్దాలు తీసి, చెమ్మగిల్లిన కళ్లతో అతన్ని ఎగాదిగా చూసింది. “మా ఇంట్లో ఆ ఎవరో ఒకరు ఇదిగో, ఈ అమ్మాయే. దీని ముందు నేను. మరి దీనికోసం ఎవరొస్తారయ్యా?”

నడక టీచరు చెయ్యి కేబుళ్ల మీదే ఆగిపోయింది.

“ఇంకోమాట అమ్మాయ్. నువ్వు లైటు మర్చిపోవడం లేదు. ఆదివారం సాయంత్రం నా కొడుకు ఇంజనాపిన కారులో కూర్చుని పాటలు వింటాడు. ఇంట్లో కుక్కరు గోలట, ప్రశాంతత కావాలట. పాట ఆపేసి, లోపలి లైటు వెలుగుతుండగానే అన్నానికి లేచొస్తాడు. నా మంచం కిటికీ పక్కనే కదే.”

కోపం రావలసిన చోట ఆమెకి ఏడుపొచ్చింది. నా మతి పోలేదు, నా బుర్ర నా దగ్గరే ఉంది. ఇన్ని రాత్రులు ఎక్కిదిగిన మెట్లన్నీ ఒక్కసారిగా చదునైపోయినట్టనిపించింది. “ముందే చెప్పలేదేం అత్తయ్యా?”

“గొడవెందుకని ఊరుకున్నా. ఊరుకోవడంలో నన్ను మించినవాళ్లు లేరు. ఆ మేనేజరుని నువ్వు బతిమాలుకుంటుంటే మాత్రం పడుకోలేకపోయాను.”

ఆమె వంగి అత్తగారి చెయ్యి పట్టుకుంది. పుట్టింటివాళ్లు పెట్టిన దేనికన్నా, మొగుడు తెచ్చిన దేనికన్నా ఆ రెండు మాటలే ఎక్కువనిపించాయి. కేబుళ్లు పక్కకి జరిపి, “ఆ పెట్టె ఇవ్వండి,” అంది.

పెట్టె వంటింట్లో మిక్సీ ప్లగ్గు దగ్గర ఛార్జయింది. ఆదివారం కారులో పాటలు వినిపించాయి. ఆమె పెట్టె నిండిందో లేదో చూసుకుంది. అనుకున్నట్టే సోమవారం కారు ఉలకలేదు. చప్పుడు విని క్లచ్ మావయ్య కేబుళ్లతో దిగేసరికే ఆమె ఎర్రది ప్లస్సుకీ, నల్లది మైనస్సుకీ తగిలించి, తాళం తిప్పింది. కారు ఒకసారి దగ్గి, గొంతు సవరించుకుని, వీధిలో కాకులన్నీ ఎగిరిపోయేలా గర్జించింది. కిటికీలోంచి అత్తగారి చప్పట్లు వినిపించాయి.

“అయితే నేను అక్కర్లేదన్నమాట,” అన్నారు మావయ్య, చేతిలో కేబుళ్లకేసి చూసుకుంటూ.

“కారుకి అక్కర్లేదు మావయ్యా. ఇన్నాళ్లూ మీరు దిగి రాకపోతే నా ఉద్యోగం ఎప్పుడో పోయేది. పైన అత్తయ్య మోకాలికి బుధవారం నేనే వస్తాను. కొండ కథ అప్పుడు చెబుదురుగాని.”

ఆయన ముఖం విప్పారింది. “క్లచ్ మెల్లగా వదులమ్మా!”

క్లిప్పులు తీసి, పెట్టెని డిక్కీలో పెట్టి, ఆమె సీట్లో కూర్చునేసరికి భర్త తువ్వాలుతో గుమ్మంలోకి వచ్చాడు. “స్టార్టయిందే! ఎవరొచ్చారు?”

“ఎవరూ రాలేదండీ. నేనే.” సీటు బెల్టు పెట్టుకుని, కిటికీలోంచి తల బయట పెట్టింది. “అన్నట్టు, వచ్చే ఆదివారం సాయంత్రం కారులో నేనూ అత్తయ్యా కూర్చుంటాం. పాటలు వింటాం. కుక్కరు పొయ్యి మీదే ఉంటుంది.”

“మరి కట్టేసేదెవరు?”

ఆమె క్లచ్ మెల్లగా వదిలింది.

“ఎవరో ఒకరు కట్టేస్తారు కదా.”