మీసం వాయిదా

మా జగ్గయ్యపేటలో ఆ ఏడు శ్రావణం దాకా బాస్కెట్‌బాల్ అనే ఆట ఒకటుందని ఎవరికీ తెలియదు. కార్తీకం వచ్చేసరికి ఆ ఆటలో పండితుడు కానివాడు ఊళ్ళో ఒక్కడూ మిగల్లేదు. ఇది యాభై ఎనిమిదో సంవత్సరం మాట. మా ఊరివాళ్ళకు ఏ విద్య అయినా నేర్చుకోవడమే కష్టం. దాని గురించి చెప్పడం పుట్టుకతోనే వస్తుంది.

డ్రిల్లు మాస్టారు వరప్రసాదరావు ఎక్కడో ట్రైనింగై వచ్చి, యువజన క్లబ్బు స్థలంలో రెండు స్తంభాలు పాతించాడు, వాటికి పలకలు కొట్టించాడు. ఇక బంతి పడడానికి ఇనప రింగులు కావాలి. బెజవాడ నుంచి తెప్పిద్దామన్నాడు. క్లబ్బు ప్రెసిడెంటు దశరథరామయ్య ఒప్పుకోలేదు. ఆయన పెద్ద ఆసామి. ఆ ఏడే బావికి ఆయిలింజను పెట్టించాడు, దాంతో నీళ్ళు తోడే మోటలు రెండూ మూలపడ్డాయి. ఆ మోట బొక్కెనల మూతికి ఉండే ఇనప చుట్లు ఊడదీయించి పంపించాడు.

"రింగంటే గుండ్రంగా ఉండాలి, అంతేగా మాస్టారూ? ఇవేమన్నా పలకలుగా ఉన్నాయా?" అన్నాడు.

మాస్టారు ఏదో చెప్పబోయి, ప్రెసిడెంటుగారి మీసం చూసి ఊరుకున్నాడు. అది నిమ్మకాయలు నిలబెట్టే మీసం. ఆయన మాట్లాడేముందు దాన్ని ఒకసారి దువ్వుతాడు, మాట్లాడాక ఇంకోసారి దువ్వుతాడు. ఆ రెండు దువ్వుళ్ళ మధ్య ఏమన్నా మా ఊళ్ళో చెల్లుబాటే.

ప్రారంభోత్సవం నాడు స్తంభానికి 'దాత: దశరథరామయ్య గారు' అని ఎర్ర రంగుతో రాయించారు. ఆయన తల్లి బసవమ్మగారిని కూడా తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. ఎనభై దాటిన మనిషి, కళ్ళు మాత్రం చురుకు. పైకి చూసి, "ఒరే అబ్బాయ్, అది మన మోట మూతి కాదట్రా? దాంట్లో గుమ్మడికాయ కూడా పడుద్దిరా!" అంది. అందరం నవ్వాం. ముసలావిడ చాదస్తం అనుకున్నాం.

మొదటి మ్యాచి వత్సవాయి వాళ్ళతో, రెండోది చిల్లకల్లు వాళ్ళతో, రెండూ మా ఊళ్ళోనే జరిగాయి. వాళ్ళు ఆ బంతిని చూడడం అదే మొదటిసారి. ఒకడైతే చెడుగుడు అనుకుని మావాణ్ణి కాళ్ళు పట్టి పడేశాడు. మా బుల్లిబాబు ఆరడుగుల మనిషి. వాడు ఎక్కడ నిలబడి విసిరినా బంతి రింగులో పడింది. రెండూ గెలిచాం, అదీ మామూలుగా కాదు, చితకబాది గెలిచాం.

ఇక చూడండి వెంకటరత్నం కాఫీ హోటల్లో సందడి. దశరథరామయ్యకు తెలిసిన విద్య ఎడ్లను బేరం చెయ్యడం ఒక్కటే. ఆటగాళ్ళను కూడా అదే లెక్కన చూసేవాడు. బుల్లిబాబుకు కాలి పిక్క పొడుగనీ, అలాంటివాడు దుక్కిలో అలసిపోడనీ, ఎడమవైపు ఆడే కుర్రాడికి మెడ బిరుసు కాబట్టి కొంచెం చర్నాకోల చూపించాలనీ చెప్పేవాడు. సుబ్బరాయుడు, కృష్ణయ్య ఆయనకు చెరోపక్కన కూర్చుని అవునంటే అవుననేవాళ్ళు. రాబోయే ఆటల్లో ఎవరు ఎంత తేడాతో గెలుస్తారో ముందే తేల్చి పెసరట్లు పందెం కాసేవాళ్ళు. రెండంటే రెండు మ్యాచీలు చూసి, జిల్లా కప్పు మనదేనని ఊరంతా నమ్మేసింది.

అలాంటి ఒక పొద్దున నందిగామ వకీలు కుటుంబరావుగారు ఏదో పనిమీద వచ్చి హోటల్లో కూర్చున్నారు. అక్కడి జట్టుకు ఆయనే పెద్ద దిక్కు. నున్నగా గీసిన మూతి, నెమ్మదైన మాట.

"మీవాళ్ళు ఆడింది రెండు ఆటలే కదండీ. అప్పుడే కప్పు మీదేనంటే ఎలా?" అన్నారు.

"అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలండి. నేను రెండు చూసా," అన్నాడు దశరథరామయ్య.

"రెండూ మీ కుండలో మెతుకులే కదా. మా ఊరొచ్చి ఆడించండి, చూద్దాం."

దశరథరామయ్య మీసం దువ్వాడు. "వస్తాం. మావాళ్ళు ఓడితే ఈ మీసం తీయించుకుంటా, నలుగురి ముందూ. మరి మీరేం తీయించుకుంటారు? మీకు తీయడానికేం లేదుగా!"

"నేను ఓడితే పెంచుతా," అన్నారు కుటుంబరావుగారు. "మా నాన్నగారు నన్ను గడప తొక్కనివ్వరు. అదేం తక్కువ శిక్ష కాదండీ."

నందిగామకు రెండు బస్సుల నిండా వెళ్ళాం. అక్కడి రింగు చూడ్డానికి జల్లెడంతే ఉంది. బుల్లిబాబు విసిరాడు, బంతి అంచుకు తగిలి వెనక్కొచ్చింది. మళ్ళీ విసిరాడు, మళ్ళీ వచ్చింది. దశరథరామయ్య గట్టుమీద నిలబడి, ఎడ్లను అదిలించినట్టు అదిలిస్తూనే ఉన్నాడు. ఆట ముగిసేసరికి వాళ్ళకు ముప్పై ఒకటి, మాకు ఆరు. ఆ ఆరు కూడా వాళ్ళు జాలిపడి వదిలేసినవే.

"మోసం! రింగు చిన్నది చేయించారు! కొలవాల్సిందే!" అని దశరథరామయ్య కేకలు పెట్టాడు. ఆ కేక పెట్టకపోతే ఓటమితోనే పోయేది. కుటుంబరావుగారు ఆట రూల్సు పుస్తకం తెప్పించి చదివించారు, టేపు తెప్పించి కొలిపించారు. పుస్తకంలో అరగజం. రింగు అరగజం.

"ఇంకెలాగూ టేపు చేతిలో ఉంది. రేపొచ్చి మీది కూడా కొలుస్తానండీ," అన్నారాయన.

అన్నట్టే మర్నాడు మొదటి బస్సులో దిగారు. ఊరంతా చూస్తుండగా డ్రిల్లు మాస్టారు నిచ్చెనెక్కి మా రింగు కొలిచి, కిందికి చూడకుండా మెల్లగా చెప్పాడు, ముప్పావు గజమని. ఆయన కాళ్ళకిందే ఎర్రరంగులో దాత పేరు మెరుస్తోంది.

"మరి మీసం సంగతేంటండీ?" అన్నారు కుటుంబరావుగారు.

దశరథరామయ్య చెయ్యి మీసం మీదికి పోయి అక్కడే ఆగిపోయింది. అటూ ఇటూ చూశాడు. చివరికి దొరికింది దారి. "అయ్యా, నాకు మాట తప్పే అలవాటు లేదు. కానీ మా అమ్మ బతికుంది. కన్నవాళ్ళు పోయినప్పుడే మగాడు మీసం తీయాలి. మా నాన్న పోయినప్పుడు ఓసారి తీశా. ఇప్పుడు తీస్తే అమ్మ చావు కోరుకున్నట్టు కాదటండీ? శాస్త్రం తెలిసినవారు, మీరే చెప్పండి."

ఆ మాటతో వకీలుగారు కూడా తగ్గారు. "నిజమే. అమ్మగారు నూరేళ్ళు ఉండాలి. ఆ తర్వాతే చూద్దాం. వాయిదా వేస్తున్నా," అని బస్సెక్కి వెళ్ళిపోయారు.

అక్కడితో నోరు మూసుకుంటే దశరథరామయ్య బాగుపడేవాడు. సాయంత్రానికే హోటల్లో కూర్చుని మళ్ళీ మీసం దువ్వుతూ, "ప్లీడర్నే బోల్తా కొట్టించా! అమ్మ పోయిన్నాడు ఎలాగూ తీయించాలిగా. ఒకే క్షవరంతో రెండూ తీరిపోతాయి," అన్నాడు. అందరూ భళ్ళున నవ్వారు. నాకు మాత్రం కాఫీ సహించలేదు.

మా హోటలు పండితులకు ఆట లేకపోయేసరికి తోచడం లేదు. ఇప్పుడు కొత్త ఆట దొరికింది. బసవమ్మగారు వారం నుంచి దగ్గుతోంది. అది పొడిదగ్గా కఫమా, రాత్రి ఎక్కువా పగలు ఎక్కువా, మునుపు చేతికర్ర లేకుండా నడిచేది కదా ఇప్పుడెందుకు పట్టుకుంది, అని బుల్లిబాబు పిక్కల్ని చర్చించినట్టే ఆవిడ ఊపిరితిత్తుల్ని చర్చించారు. ఆవిడ శివరాత్రి దాటదని కృష్ణయ్య, ఉగాది పచ్చడి తిని తీరుతుందని సుబ్బరాయుడు. పందెం షరా మామూలే, పెసరట్టు. ఉల్లిపాయ వేసినదా, వెయ్యనిదా అని కూడా తేల్చుకున్నారు వెధవలు.

ఇక బసవమ్మగారికి ఎక్కడలేని ఆదరణ మొదలైంది. తెల్లారకముందే సుబ్బరాయుడు మిరియాల కషాయం పట్టుకొచ్చేవాడు. పొద్దువాలాక కృష్ణయ్య చల్లటి గడ్డ పెరుగు తెచ్చి, "ఒంటికి చలవ పిన్నిగారూ," అని బతిమాలి తినిపించబోయేవాడు. ఒకనాడు ఇద్దరూ ఆవిడ మంచం దగ్గరే ఎదురుపడ్డారు.

సుబ్బరాయుడు పెరుగు గిన్నె లాక్కున్నాడు. "దగ్గే మనిషికి పెరుగు పెడతావట్రా? ఇది తొండి!"

"నువ్వు కషాయం పొయ్యడం తొండి కాదట్రా?" అన్నాడు కృష్ణయ్య.

బసవమ్మగారు మంచం మీద లేచి కూర్చుంది. "ఏ ఆటలో తొండిరా?" అని అడిగింది.

ఆవిడ అడిగితే ఊళ్ళో ఎవడూ అబద్ధం చెప్పలేడు. పందెం, మోట చుట్టు, వాయిదా, పెసరట్టు, అన్నీ బయటపడ్డాయి. ఒకే క్షవరం మాట కూడా. ఆవిడ అన్నీ విని, కషాయం తాగేసి, పెరుగు గిన్నె కోడలికిచ్చి తోడుకు ఉంచమంది.

మర్నాడు సంత. పొరుగూళ్ళ జనమంతా వాళ్ళింటి ముందునుంచే పోతున్నారు. బసవమ్మగారు క్షవరం చేసే కోటయ్యకు కబురు పెట్టి, అరుగు మీద పీట వేయించి, కొడుకును పిలిచింది.

"కూర్చోరా."

"అమ్మా, నువ్వుండగా తీస్తే అరిష్టమే..."

"అరిష్టం నాకు కదరా? నేను పడతాలే. నా చావు నాకుందిరా. దాన్ని నీ పందెం తీర్చుకోడానికి దాచుకోలేదు. మాటన్నావు, తీర్చు. నేను చూస్తుండగానే తీర్చు."

దశరథరామయ్య కూర్చున్నాడు. కోటయ్య కత్తి పట్టుకుని ఆవిడ వైపు చూశాడు. "కానీరా," అంది ఆవిడ. మీసం ఒక పక్క పోయేసరికి దశరథరామయ్య చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మీసానికి ఏడ్చాడో తల్లికి ఏడ్చాడో నాకు తెలియదు. ఆవిడ కొంగుతో కొడుకు మూతి తుడిచింది. అప్పటిదాకా ఆ మనిషి మీద ఉన్న వెటకారమంతా పోయి నాకు జాలేసింది. కాసేపే లెండి.

సరిగ్గా అప్పుడే నందిగామ బస్సు వచ్చి ఆగింది. సంత పనిమీద వచ్చిన కుటుంబరావుగారు దిగి, దూరం నుంచే ఆ బోడి మూతి చూశారు. మొహం వాడిపోయింది. చెప్పులు వీధిలోనే విడిచి, చేతులు కట్టుకుని వచ్చి, "ఎంత పని జరిగిందండీ! అమ్మగారు ఎప్పుడు..." అంటూ అరుగు ముందు తలొంచుకుని నిలబడ్డారు.

అరుగు మీద స్తంభానికి ఆనుకుని వేరుశనగకాయలు వలుస్తున్న బసవమ్మగారు తలెత్తి చూసింది.

"కూర్చో నాయనా," అంది. "పోయింది నేను కాదు, నీ వాయిదా."