వంకరగా వచ్చిన కాపీ

కృపాకర్ జిరాక్స్ మిషను మూత ఎత్తి, దూదికి కాస్త స్పిరిటు అద్ది అద్దం తుడుస్తున్నాడు. అద్దం మీద వెంట్రుకంత మరక ఉన్నా ప్రతి కాగితం మీదా నల్లటి చార పడుతుంది. పంతొమ్మిదేళ్లుగా పొద్దున్నే ఆయన చేసే మొదటి పని ఇదే. పత్తర్‌గట్టి రాతి కమానుల వెనక సందులో, గాజుల దుకాణానికీ పెళ్లికార్డుల దుకాణానికీ నడుమ ఇరుక్కున్న ఆ కొట్టు ఖలీల్ భాయ్‌ది. ఆయన పదకొండు దాటితే గాని రాడు. అందాకా తాళాలూ గల్లాపెట్టే మిషనూ అన్నీ కృపాకర్ చేతిలోనే.

యాభై నాలుగేళ్ల మనిషి. బక్కపలచన. రోజంతా మిషను మీదికి వంగీ వంగీ నిలబడ్డప్పుడు కూడా ఏదో వెతుకుతున్నట్టే ఉంటాడు. గోళ్ల కింద నల్లపొడి ఇంకిపోయింది. ఆదివారం చర్చికి పోయేముందు భార్య లీలమ్మ నిమ్మచెక్కతో ఎంత రుద్దినా వదలదు. రేషన్ కార్డులు, నిఖానామాలు, మార్కుల మెమోలు, మరణ ధ్రువపత్రాలు, చుట్టుపక్కల జనం బతుకంతా ఆ అద్దం మీద బోర్లా పడుకొని లేచిపోయేది. ఒకరి కాగితంలో చూసిన మాట ఇంకొకరి చెవిన వేయడని ఆయనకు పేరు. ఆ పేరు తప్ప సంపాదించింది పెద్దగా లేదు.

ఇవాళ అద్దం ఎప్పుడో శుభ్రపడింది. అయినా చెయ్యి ఆగలేదు.

సోమవారం సాయంత్రం పాత స్నేహితుడు బీరయ్య ఈ కొట్టుకే వచ్చాడు. యాకుత్‌పురా స్టేషను దగ్గర రైల్వే కీమ్యాన్. భుజాన సుత్తీ పానా వేసుకొని రోజూ పట్టాల వెంట నడుస్తూ, వదులైన కీలు బిగించడం ఆయన పని. జనవరిలో రిటైరవుతాడు. ఆలోపు క్వార్టరు ఖాళీ చేయాలి. ఫలక్‌నుమా అవతల అరవై గజాల జాగాలో గోడలు లేపి పెట్టుకున్నాడు. స్లాబు మిగిలింది. దానికి లోను అడిగితే బ్యాంకువాళ్లు కంప్యూటరులో చూసి, నీ పేరు మీద పాత బాకీ ఉంది, ఇవ్వలేమన్నారట. పుట్టి బుద్ధెరిగాక వాయిదాల మీద చెంబు కూడా కొనని మనిషి. ఇంకో బీరయ్య ఎవరో ఉండి ఉంటాడని ఆయన నమ్మకం. మలక్‌పేటలో ఒక ఏజెంటు ఆయన చేతిలో ఇంగ్లీషు కరపత్రం పెట్టాడు.

"కృపా, జర సదివి చెప్పు. ఏడాదికి ఆరు వందలట. మూన్నెల్లకోపారి నా లోన్ల కాయితం తీసి చూసి ఇంటికి పంపుతరట. నా పేరు మీద ఎవడన్న లోను తీస్తే ఫోన్ జేసి చెప్తరట. కట్టుమంటవా?"

కృపాకర్ రెండు పక్కలా చదివాడు.

"వద్దన్నా. దొంగ వచ్చిపోయినంక మొరిగే కుక్కకు బువ్వ పెట్టినట్టే. వాళ్లు ఆపేది లేదు, అయినంక చెప్పుడే. ఆరు వందలు దండుగ."

"నువ్వు వద్దంటే వద్దు తీయ్," అని బీరయ్య కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. చాయ్ తాగించి పోయాడు.

ఆ మాటలో అబద్ధం లేదు. కృపాకర్‌ను మూడు రోజులుగా తినేస్తున్నది అదే. ఏటేటా కాపలా కాసేవాళ్లకు డబ్బు కట్టడం దండుగే కావచ్చు. కానీ నూటయాభై రూపాయల లోపు ఖర్చుతో ఆ లోన్ల కాగితం ఒక్కసారి తెప్పించుకుంటే చాలు, బాకీ ఏ కంపెనీదో ఏ నెలదో అందులో రాసి ఉంటుందని కరపత్రం వెనక చిన్న అక్షరాల్లో ఉంది. అది చదివి కూడా చెప్పలేదు. ఆ కాగితం వస్తే దానిలో ఏముంటుందో ఆయనకు తెలుసు. రెండువేల అయిదు మే నెల, ఒక ఫ్రిజ్జు.

ఆ ఎండాకాలం కూతురు భాగ్యశ్రీ పదో తరగతి పాసైందని మెదక్ నుంచి చుట్టాలొచ్చారు. లీలమ్మ గిన్నె పట్టుకొని ఐసు కోసం పక్కింటికి పోతే, ఎప్పుడూ మా ఇంటికేనా అన్నారు. ఉత్త గిన్నెతో తిరిగొచ్చి ఆవిడ కుండలో నీళ్లే పోసి ఇచ్చింది. మర్నాడు కృపాకర్ మలక్‌పేటలో వాయిదాల దుకాణానికి పోయాడు. జీతం చీటీ లేనిదే కుదరదన్నారు. జిరాక్స్ కొట్టులో పనిచేసేవాడికి జీతం చీటీ ఎవరిస్తారు?

అంతకు వారం ముందే బీరయ్య సొసైటీ పని మీద తన జీతం చీటీ, ఓటరు కార్డు కాపీలు తీయించుకున్నాడు. ఒక సెట్టు వంకరగా వచ్చింది. వంకరగా వచ్చినవి నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేయడం అలవాటు. అది మాత్రం ఎందుకో సొరుగులో ఉండిపోయింది. బీరయ్య మరిచిపోయిన ఫొటో ఒకటి దానికే గుచ్చి ఉంది. అవి పట్టుకుపోతే, వాయిదాల దుకాణంలో కుర్రవాడు తల కూడా ఎత్తకుండా, ఇక్కడ సంతకం పెట్టమన్నాడు. పెట్టాడు. పన్నెండు వాయిదాలూ తానే కడతాడు గదా, బీరయ్యకు పోయేదేమిటి అనుకున్నాడు. తొమ్మిది కట్టాడు. ఆ తర్వాత ఖలీల్ భాయ్ ఆపరేషను చేయించుకొని కొట్టు రెండు నెలలు మూసేశాడు. మిగిలిన మూడూ ఆగిపోయాయి. నోటీసులు బీరయ్య వదిలేసిన పాత క్వార్టరుకు పోయి ఉంటాయి. ఎవరూ రాలేదు, అడగలేదు. ఏళ్లు గడిచేసరికి అది తీరిపోయినట్టే అనిపించింది.

తొంభైలో గొడవలప్పుడు కర్ఫ్యూ పది రోజులు ఎత్తలేదు. భాగ్యశ్రీ పసిగుడ్డు. లీలమ్మకు పాలు ఎండిపోయాయి. డ్యూటీ పాసు ఉన్న బీరయ్య రోజూ కాచిగూడ నుంచి పట్టాల వెంట నడిచి, సుత్తి సంచిలో పాలసీసా పెట్టుకొని తెచ్చి ఇచ్చేవాడు. ఎన్నడూ ఆ మాట మళ్లీ ఎత్తలేదు. బీరయ్య ఎత్తకపోవడం వల్లే కృపాకర్ మరవలేకపోయాడు.

పన్నెండు గంటలకు కమలకుమారి అనే ఆవిడ వచ్చింది. ఏదో ప్రభుత్వాఫీసులో సూపరింటెండెంటు, గుంటూరు వైపు మనిషి. ఆవిడ కాగితాలకు కాపీలు తీస్తుంటే వాటి నడుమ అదే కంపెనీ కరపత్రం కనబడింది. కస్టమరు కాగితాల గురించి కృపాకర్ ఎన్నడూ నోరు విప్పలేదు. ఇవాళ విప్పాడు.

"మేడం, గివాళ్లకు పైసలు కట్టుడు ఫాయిదా ఉంటదా?"

ఆవిడ నవ్వింది. "నేనూ ఒక ఏడాది కట్టానండి. ఏమంత లేదు. ఏడాదికోసారి మనమే రిపోర్టు తెప్పించి చూసుకుంటే సరిపోతుంది. నా పేరున ఎవరో దొంగసంతకంతో లోను తీశారు, అందులోనే బయటపడింది. సంతకం నాది కాదని రాసిస్తే నెలలో కొట్టేశారు."

"నెలలనేనా?"

"నెల కూడా పట్టలేదు. ఎవరు చేశారో తెలిస్తే ఇంకా తొందరగా అయ్యేదన్నారు."

ఆవిడ చిల్లర తీసుకొని వెళ్లిపోయింది. నెల. ఇంకా సెప్టెంబరే. నిజం చెబితే దసరా దాటేలోపు లోను వస్తుంది, జనవరికి స్లాబు పడుతుంది. కృపాకర్ స్టూలు మీద కూలబడ్డాడు. నిజం చెబితే పోలీసులు రావచ్చు. ఖలీల్ భాయ్ మర్నాడే తాళాలు తీసుకుంటాడు, జనం కాగితాలు దొంగిలించినవాడి చేతికి మిషను ఎవరిస్తారు? అన్నీ ఆలోచించాడు. అన్నం డబ్బా విప్పి, తినలేక మూసేశాడు. నాలుగింటికి ఒంట్లో బాగాలేదని చెప్పి బయటపడ్డాడు. మలక్‌పేట దుకాణం పేరు, తేదీ, బాకీ ఎంతో ఒక చీటీ మీద రాసుకొని జేబులో పెట్టుకున్నాడు. దారి పొడవునా మొదటి మాట ఏదని వెతుక్కుంటూనే నడిచాడు.

బీరయ్య క్వార్టరు వసారాలో నవారు మంచం మీద వెల్లకిలా పడుకొని ఉన్నాడు. చొక్కా గుండీలు విప్పి, అరచెయ్యి ఛాతీ మీద పెట్టుకున్నాడు. మధ్యాహ్నం గేటు దగ్గర మిర్చీలు తిన్నాడట, అప్పటినుంచి మంట. భార్య సత్తెమ్మ సోడాకు పోయింది.

"దవాఖానకు పోదామా అన్నా?"

"ఏ, గ్యాసే. కూసో."

నుదుటి మీద చెమట కృపాకర్‌కు కనబడింది. పట్టుబట్టలేదు. ఇప్పుడు ఆటో పిలిచి ఆస్పత్రికి తీసుకుపోతే చెప్పవలసింది మళ్లీ ఆగిపోతుంది, ఇంకోసారి ఈ ధైర్యం రాదనుకున్నాడు. కూర్చొని తల వంచుకున్నాడు.

"అన్నా, ఆ బాకీ నాది. నీ పేరు మీద నేనే తీసిన."

ఇక ఆగలేదు. షాబాదు బండల సందుల్లోకి చూస్తూ అన్నీ చెప్పాడు. ఐసు గిన్నె, వంకర కాపీ, ఫొటో, సంతకం, ఆగిపోయిన మూడు వాయిదాలు. సోమవారం కరపత్రంలో చదివి దాచిన మాట కూడా. మధ్యలో ఫలక్‌నుమా వైపు రైలు పోతుంటే చప్పుడు ఆగేదాకా ఊరుకొని, మళ్లీ అందుకున్నాడు. రేపే ఇద్దరం పోదాం, సంతకం నీది కాదని రాసియ్యి, నేను దొంగనని నేను రాసిస్తా అన్నాడు. బీరయ్య మాట్లాడలేదు. కోపం న్యాయమే అనుకున్నాడు కృపాకర్. తిట్టినా, చెయ్యి చేసుకున్నా పడాలని కూర్చున్నాడు. ఆ మొహం చూసే ధైర్యం మాత్రం రాలేదు. తిరుగు రైలు కూడా పోయింది.

సత్తెమ్మ సోడాసీసాతో వచ్చి, "పండుకున్నడా?" అంటూ భుజం తట్టింది. తర్వాత రెండు చేతులతో కుదిపింది.

రైల్వే డాక్టరు వచ్చి, ప్రాణం పోయి అరగంట అయి ఉండొచ్చు, అంతకన్నా తక్కువే కావచ్చు, చెప్పలేమన్నాడు. ఆ అరగంటలో తన ఏ మాట దాకా బీరయ్య ఉన్నాడో, ఏ మాట దగ్గర పోయాడో కృపాకర్‌కు తెలియదు. ఒక్కసారి తలెత్తి ఉంటే తెలిసేది.

మూడోనాడు కృపాకర్ సత్తెమ్మ దగ్గరికి పోయాడు. చుట్టాలు లోపల ఉన్నారు. ఆమె వసారాలో గోడకు ఆనుకొని కూర్చుంది. ఆయన నిలబడే అంతా చెప్పాడు. ఈసారి మొహం చూస్తూ చెప్పాడు. ఆమె ఏడవలేదు, అరవలేదు. విని విని, చివరకు అడిగింది.

"ఆయనకు చెప్పినవా?"

"చెప్పిన వదినా. ఆ పొద్దే చెప్పిన."

"ఏమన్నడు?"

క్షమించాడని చెప్పవచ్చు. ఆమె నమ్మేది. చనిపోయిన మనిషి సంతకం ఇంకోసారి పెట్టినట్టే అవుతుందది.

"ఏమనలే."

సత్తెమ్మ కొంగు మడతలు సర్దుకుంది.

"ఆయనకు కోపమొస్తే గట్లనే ఉంటడు," అంది. "ఉలకడు, పలకడు."

ఇంకేమైనా అంటుందేమోనని కృపాకర్ నిలబడ్డాడు. లోపల ఎవరో పిలిస్తే ఆమె లేచిపోయింది. ఆయన మెట్టు దిగి చెప్పుల కోసం వంగాడు. పక్కనే బీరయ్య కాన్వాసు బూట్లు, మడమలు లోపలివైపు అరిగి, కంకరదుమ్ము పట్టి, ఆ సాయంత్రం లేసులు విప్పకుండానే లాగేసినవి, ముడులు అలాగే ఉన్నాయి.