మూడో నంబరు సాంచా

షోలాపూర్ కుంఠా నాకాలో టై కట్టుకున్న మనిషి మంచి పని మీద వచ్చిన దాఖలా లేదు. అందుకని రోజూ పొద్దున పదింటికి సిద్ధరాములు కార్ఖానా పైగదిలోంచి ఇద్దరు కుర్రాళ్లు తెల్ల చొక్కాలు, టైలు, జేబు మీద నల్ల బిళ్లలతో ఇనుప మెట్లు దిగుతుంటే గల్లీలో వాళ్లంతా చేతిలో పని కాస్త నెమ్మది చేసుకుని వాళ్లను చూసేవాళ్లు. కండెలు చుట్టే ఆడవాళ్లు చూసేవాళ్లు, పాన్ టపరీ ముందు నిలబడ్డ మగవాళ్లు చూసేవాళ్లు. కుర్రాళ్లు నమస్కారం పెడితే తిరిగి నమస్కారం పెట్టి, వాళ్లు మలుపు తిరిగేదాకా చూసి, అప్పుడు మాట్లాడుకునేవాళ్లు.

మొదటి రోజు వాళ్లను కరెంటు దొంగతనాలు పట్టే స్క్వాడ్ అనుకున్నారు. ఆ సాయంత్రానికల్లా గల్లీలో సగం వైర్లు స్తంభాల మీంచి దిగిపోయాయి, నాలుగు ఇళ్లలో టీవీలు మూగబోయాయి. కాదని తేలాక సంతోషించాల్సింది పోయి జనానికి ఇంకా అనుమానం పెరిగింది. స్క్వాడ్ అయితే ఏం కావాలో తెలుస్తుంది. వీళ్లకేం కావాలో తెలియదు.

ఇద్దరిలో తెలుగువాడి పేరు ప్రభుదాసు. రాజమండ్రి నుంచి వచ్చాడు. బిళ్ల మీద ‘ఎల్డర్ పెనుమాల’ అని ఉంటుంది. మోర్మన్లనే క్రైస్తవ సంఘంలో రెండేళ్ల సేవకు బయల్దేరిన కుర్రాళ్లను అలాగే పిలుస్తారు. ఎల్డర్ అంటే పెద్ద అని అర్థం చెప్తే ఇంటామె, సిద్ధరాములు భార్య యమునాబాయి ఇరవై ఏళ్లవాడి మొహం, ఆ నున్నటి గడ్డం చూసి చాలాసేపు నవ్వింది. రెండోవాడు ఎల్డర్ జెబరాజ్, కోయంబత్తూరువాడు. ఉప్పు ప్యాకెట్ కొనడానికి కూడా ఇద్దరూ కలిసే వెళ్లాలి, అది వాళ్ల నియమం. టీ తాగకూడదు, అదో నియమం. ఇంటికి ఫోను వారానికి ఒక్కసారి, సోమవారం నాడు మాత్రమే.

టీ దగ్గరే అసలు చిక్కొచ్చింది. షోలాపూర్‌లో ఇంటికొచ్చిన మనిషి టీ వద్దన్నాడంటే ఆ ఇంటిని తక్కువ చూసినవాడన్నా కావాలి, మనసులో ఏదో పెట్టుకున్నవాడన్నా కావాలి. ప్రభుదాసు ప్రతి ఇంట్లోనూ దండం పెట్టి మంచినీళ్లు అడిగేవాడు. ఆ మర్యాద చూసి జనానికి ఒళ్లు మండేది.

గది అద్దెకివ్వక ముందు సిద్ధరాములు వాళ్లిద్దరినీ కింద కార్ఖానాలో మూడో నంబరు సాంచా పక్కన నిలబెట్టాడు. అక్కడివాళ్లు మరమగ్గాన్ని సాంచా అంటారు. టవళ్లు నేసే ఎనిమిది సాంచాల్లో ఏడు మామూలువి. పోగు తెగితే ఆగుతాయి, ముడేస్తే నడుస్తాయి. మూడో నంబరు మాత్రం దగ్గర్లో ఎవరైనా అబద్ధమాడినా ఆగుతుంది. ఆ అబద్ధం సరిదిద్దుకునేదాకా కదలదు, సరిదిద్దకపోతే మర్నాటి పొద్దున మొదలవుతుంది. అందుకే అది ఆగితే ముందు పోగు చూస్తారు. పోగు నిక్షేపంగా ఉంటే తలెత్తి మనుషుల్ని చూస్తారు. నూలు వ్యాపారి కార్ఖానా లోపలికి రాడు, బేరమంతా రోడ్డు మీదే. ఎన్నికలప్పుడు చేతులు జోడించుకుంటూ వచ్చేవాళ్లు ఎదురుగా ఉన్న మందుల షాపు దగ్గర్నుంచే వెనక్కి తిరుగుతారు. పెళ్లి మాటలు మాత్రం రెండు వైపులవాళ్లూ ఆ సాంచా పక్కనే కూర్చుని మాట్లాడుకుంటారు, తక్కువ మాట్లాడతారు.

“ఈడ నిలవడి చెప్పుండ్రి. ఎందుకొచ్చిండ్రు?” అన్నాడు సిద్ధరాములు.

బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో ఉండే ఓంకార్ కుటుంబం హైదరాబాద్‌లో ఉన్నప్పుడు తమ సంఘంలో చేరిందనీ, వాళ్లకు తోడుగా ఆదివారం ప్రార్థన జరపడానికి వచ్చామనీ ప్రభుదాసు చెప్పాడు. సాంచా నడిచింది. ఎవరినైనా బలవంతపెడతారా అంటే, అడిగినవాళ్లకు చెప్తాం, అడగనివాళ్లకు చెప్పం అన్నాడు. సాంచా నడిచింది. సిద్ధరాములు తాళం చేతిలో పెట్టాడు.

గల్లీ మండలి పెద్ద వినాయక్ మాత్రం ఒప్పుకోలేదు. అతనికి ఆటో ఉంది, ముప్పై ఏళ్లుంటాయి, దేన్నీ ఊరికే నమ్మే రకం కాదు. “ఆ రెండోడు అరవంల మాట్లాడుతడు. సాంచాకు అరవం సమజైతదా?” అన్నాడు. నవ్వినవాళ్లు నవ్వారు గానీ, ఆ మాట వాళ్ల మనసుల్లో ఉండిపోయింది. ఆ తర్వాత ఆదివారాలు కుర్రాళ్లు ఓంకార్ ఇంటికి వెళ్తుంటే వరండాల్లో బీడీలు చేసే ఆడవాళ్లు మాట ఆపి, ఒళ్లో చాటలు కాస్త తమవైపు జరుపుకునేవాళ్లు.

అనుమానం అంటువ్యాధి. రెండు నెలలు అందరి చూపుల కిందా తిరిగేసరికి అది ప్రభుదాసుకూ పట్టుకుంది. జెబరాజ్ తన గురించి బెంగళూరులోని నాయకుడికి ఏం రాస్తున్నాడోనని అనుమానం. తన ప్రార్థన మీద తనకే అనుమానం. అన్నిటికంటే పెద్ద అనుమానం ఇంటి మీద. గంటసేపు మాట్లాడే అమ్మ ఈమధ్య పది నిమిషాలకే పెట్టేస్తోంది. వీడియో కాల్ చెయ్యమంటే కెమెరా పాడైందంటుంది. నాన్న తాపీమేస్త్రీ, మధ్యాహ్నం ఇంట్లో ఉండే మనిషి కాదు, కానీ ఏ సోమవారం చేసినా వెనకాల ఆయన దగ్గు వినిపిస్తోంది.

ఒక సోమవారం బట్టలుతుక్కుని, ఒంటిగంటకు ఫోను చేశాడు. కింద మగ్గాల మోతకు స్పీకరు పెట్టి అరుచుకోవాల్సిందే. ఫోను పెట్టేసిన రెండు నిమిషాలకు సిద్ధరాములు మెట్లెక్కి వచ్చాడు. మూడో నంబరు ఆగింది, పోగు తెగలేదు, కింద ఎవరూ నోరు తెరవలేదు. పైన ఏం మాట్లాడారని అడిగాడు.

ప్రభుదాసు మొహం ఎర్రబడింది. ఇక్కడందరూ బాగా చూసుకుంటున్నారని అమ్మకు చెప్పిన మాట అతనికి గుర్తొచ్చింది. సిగ్గుపడి క్షమాపణ చెప్పుకున్నాడు. సిద్ధరాములుకూ కొంచెం సిగ్గేసినట్టుంది, మెట్లు దిగిపోయాడు.

మరుసటి సోమవారం ప్రభుదాసు మాటలు ఏరుకుని మాట్లాడాడు. అన్నం తిన్నాను, చారు పులిసింది, రాత్రి నిద్ర పట్టలేదు, ఇక్కడ మమ్మల్ని ఎవరూ నమ్మట్లేదు. అన్నీ నిజాలే. అయినా సిద్ధరాములు మళ్లీ మెట్లెక్కి వచ్చాడు.

ఆ వారమంతా ప్రభుదాసు సరిగా తినలేదు. తను అబద్ధమాడలేదు. ఫోనులో ఉన్నది ఇద్దరే.

విషయం గల్లీ అంతా పాకింది. పైవాళ్లు ఫోనులో ఎవరితోనో ఏదో నడిపిస్తున్నారని వినాయక్ అన్నాడు, ఈసారి అతని మాటకు ఎవరూ నవ్వలేదు. టవళ్ల ఆర్డరు రెండు పూటలు వెనకపడిందని సిద్ధరాములు చిరాకు పడ్డాడు. చివరికి సోమవారం ఫోను కిందే, సాంచా పక్కనే, అందరి ముందూ చెయ్యాలని తేల్చారు. అది తప్పని జెబరాజ్ ఇంగ్లీషులో వాదించాడు. ప్రభుదాసు అతన్ని ఆపి ఒప్పుకున్నాడు. నిజం తెలుసుకోవాలని అతనికీ ఉంది. ఒంటరిగా తెలుసుకునే ధైర్యమే లేదు.

సోమవారం భోజనాల వేళ ఏడు సాంచాలు బంద్ చేశారు. మూడోది ఒక్కటే ఖట్ ఖట్ మంటూ నడుస్తోంది. సిద్ధరాములు దాని ముందు, యమునాబాయి కండెల బుట్ట పక్కన, వినాయక్ గుమ్మంలో, వెనకాల టిఫిన్ డబ్బాలతో పనివాళ్లు. ప్రభుదాసు స్పీకరు పెట్టాడు.

“ఏరా నాన్నా, తిన్నావా?”

తినలేదన్నాడు. ఎండలెలా ఉన్నాయంటే మండిపోతున్నాయన్నాడు. చెల్లికి పరీక్షలు బాగా జరిగాయని ఆమె చెప్పింది, సాంచా నడుస్తూనే ఉంది. జనానికి విసుగు పుట్టింది. వినాయక్ జేబులోంచి గుట్కా తీసుకుంటున్నాడు.

“నువ్వెలా ఉన్నావమ్మా?”

“నాకేంట్రా, నేను బాగానే ఉన్నాను.”

సాంచా ఆగింది. సిద్ధరాములు వంగి పోగు చూశాడు. తెగలేదు. హ్యాండిల్ లాగాడు, కదల్లేదు. అప్పుడతను తల ఎత్తాడు గానీ ఎప్పటిలా మనుషుల్ని చూడలేదు, ఫోను వైపు చూశాడు. పనివాళ్లంతా అటే చూశారు. వినాయక్ గుట్కా తిరిగి జేబులో పెట్టుకున్నాడు.

యమునాబాయి లేచి వచ్చి అతని చేతిలోంచి ఫోను తీసుకుంది. “అక్కా, నేను నీ కొడుకుండే ఇంటామెను.”

అవతల గొంతు కంగారు పడింది. మావాడేమైనా తప్పు చేశాడా అని అడిగింది.

“తప్పేం చెయ్యలే. నీకేమైందక్కా?”

ఆమె నెమ్మదిగా, ముందు యమునాబాయికి, తర్వాత కొడుక్కి చెప్పినట్టుగా చెప్పింది. రొమ్ములో గడ్డ. సంక్రాంతి దాటాక బయటపడింది. మంచిది కాదన్నారు. వచ్చే శుక్రవారం కాకినాడలో ఆపరేషన్. పిల్లాడి సేవ ఇంకా నాలుగు నెలలే ఉంది కదా, అది అయ్యాక చెబుదామనుకున్నాం. ఆమె ఆ మాట పూర్తి చేస్తుండగానే సాంచా తనంతట తాను నడవడం మొదలుపెట్టింది. ఎవరికీ సంతోషం కలగలేదు.

“వచ్చేస్తానమ్మా,” అన్నాడు ప్రభుదాసు.

ఈసారి నాన్న గొంతు వచ్చింది. అందరి ముందూ వినపడుతోందని ఆయనకు తెలియదు. తెలిసినా అదే చెప్పేవాడేమో. రెండేళ్లు నిండకుండా వచ్చేసినవాళ్ల సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు. వాళ్ల సంఘంలో ఒకతను ఎనిమిదో నెలలో తిరిగొచ్చాడు. ఎవరూ ఒక్క మాట అనలేదు, ఆదివారం అతని పక్క కుర్చీ మాత్రం ఖాళీగా ఉండేది. నా కొడుకు పూర్తి చేసుకునే వస్తాడని ఈ తండ్రి అందరిలో నిలబడి చెప్పాడు.

“నువ్వొస్తే నేను సంఘంలో తలెత్తుకోలేనురా,” అన్నాడాయన.

అందరూ సాంచా వైపు చూశారు. అది ఆగలేదు. ఆయన చెప్పింది నిజమే. ప్రభుదాసు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సగంలో వెళ్తే తండ్రి ముందు ఎలా నిలబడాలో, వెళ్లకుండా శుక్రవారం ఇక్కడ ఏ మొహంతో ప్రార్థన చెయ్యాలో అతనికి అర్థం కాలేదు. ఆ కార్ఖానాలో అతని బాధ తెలియనివాడు ఆ క్షణాన ఒక్కడూ లేడు, తెలుగు రాని జెబరాజ్‌తో సహా.

“అమ్మకివ్వు నాన్నా. నేను రావాలో వద్దో అమ్మ చెప్పనీ.”

ఫోను చేతులు మారిన చప్పుడైంది.

“వద్దురా,” అందామె. గొంతు నిబ్బరంగా ఉంది, ముందే అనుకుని పెట్టుకున్న మాటల్లా ఉన్నాయవి. “నీ పని పూర్తి చేసుకునే రా. మీ నాన్న ఉన్నారు, చెల్లి ఉంది. నువ్వు లేకపోయినా నాకేం ఫరవాలేదు.”

సాంచా ఆగింది.

సిద్ధరాములు పోగు చూడడానికి వంగనైనా లేదు. అటు రాజమండ్రిలో ఆమెకు ఏమీ తెలియదు, ఇంతసేపూ మాటల వెనక వినపడుతున్న మోత ఉన్నట్టుండి పోయిందన్నది తప్ప.

“ఏంటి నాన్నా, చప్పుడు ఆగిపోయింది? కరెంటు పోయిందా?”

“లేదమ్మా,” అన్నాడు ప్రభుదాసు. చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు. “కరెంటుంది. నేను వస్తున్నాను.”

జెబరాజ్ అప్పటికే బెంగళూరు నంబరు కోసం తన ఫోను తీస్తున్నాడు. వినాయక్ గుమ్మంలోంచి లోపలికి వచ్చి, చెప్పులు ఒక పక్కన విడిచి, ఇన్ని నెలల్లో మొదటిసారి ప్రభుదాసుతో నేరుగా మాట్లాడాడు.

“రాజమండ్రికి రాత్రి సీదా గాడీ ఉన్నది. బట్టలు సదురుకో, స్టేషన్ల నేను దించుత.”