గ్యాసాయన

ఆ మాస్కు కడగాలంటే ఆమెకు ఒళ్ళు జలదరిస్తుంది. మెత్తటి రబ్బరు మూతి, దానికి ఏనుగు తొండంలాంటి గొట్టం. రాత్రంతా మొగుడి ముక్కునీ నోటినీ కరుచుకుని ఉన్న ఆ మూతి లోపలి అంచుకు పొద్దున్నే పచ్చటి జిగురు పట్టి ఉంటుంది. అది ఉమ్మో, కడుపులోంచి ఎగదన్నిన పులుపో, రెండూ కలిసిన మరొకటో ఆమె ఎప్పుడూ ఆరా తీయలేదు. తల పక్కకు తిప్పుకుని, ఊపిరి బిగబట్టి, గోరువెచ్చటి సబ్బునీళ్ళలో తోమేస్తుంది. ఆ తర్వాత చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నా అన్నంలో పెట్టబుద్ధి కాదు. ‘చంటిపిల్లకు అన్నీ చేసినదాన్ని, ఇదో లెక్కా’ అని మొదట్లో సర్దిచెప్పుకుంది. కానీ చంటిపిల్లలు మీసాలు దువ్వుకుని, పొట్ట నిమురుకుంటూ, ముఖం మీద ‘బ్రేవ్’మని తేన్చరు కదా.

ఆయన గ్యాస్ స్టవ్వులు బాగుచేస్తాడు. వీధిలో అందరికీ గ్యాసాయన. ఎవరింటికి పిలిచినా గుమ్మంలో నిలబడి ఒక్కసారి గాలి పీల్చి, "ట్యూబు కాదమ్మా, రెగ్యులేటర్ దగ్గర" అనేవాడు. తర్వాత సబ్బు నురగ పూసి చూస్తే సరిగ్గా అక్కడే బుడగలు లేచేవి. పానాలూ స్క్రూడ్రైవర్లూ అరిగిపోతే కొత్తవి కొనుక్కోవచ్చు, ముక్కు మాత్రం దేవుడిచ్చిందని గొప్పలు పోయేవాడు. అలాంటి మనిషికి గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు పట్టుకునేసరికి పక్కింటావిడకు మంచి కాలక్షేపం దొరికింది. "గ్యాసాయనకే గ్యాసటగా!" అని మెట్ల మీద కనిపించిన ప్రతివాళ్ళకూ చెప్పి పకపకా నవ్వింది. ఇంట్లోనూ అదే మాట. ఛాతీ మండితే గ్యాస్, గొంతు బొంగురుపోతే గ్యాస్, గది కంపు కొడితే గ్యాస్. వంటింట్లో ఉన్నదాన్ని గ్యాసనడం వాళ్ళెప్పుడో మరిచిపోయారు.

దానికి తోడు గురక. "వీడు పడుకుంటే పిడుగు పడ్డా లేవడు, అదృష్టవంతుడు" అని అత్తగారు మురిసిపోయేది. అది నిద్ర కాదనీ, గొంతులో దారి మూసుకుపోయి ఊపిరి ఆగుతోందనీ డాక్టరు పరీక్ష చేయించి చెప్పాడు. ఆగిన ఊపిరి కోసం ఛాతీ ఎగబీల్చినప్పుడు కడుపులోని పులుపు కూడా పైకి తన్నుకొస్తుందట. ఊపిరి ఆగకుండా మిషను మాస్కులోంచి గాలి కొడుతుందట. ఆ గాలి కొంత పొట్టలోకి దిగి, పొట్ట ఉబ్బి, మళ్ళీ తేన్పులట.

"అంటే దానికి మందు, దీనికి జబ్బన్నమాట," అంది ఆమె.

డాక్టరు నవ్వాడు. మిషను గాలి సర్దాడు, మాత్రలు రాశాడు, తల వైపు మంచం ఎత్తు చేయమన్నాడు, తినగానే నడుం వాల్చొద్దన్నాడు. వచ్చేస్తుంటే ఆమెను వెనక్కి పిలిచి, "మాస్కు మాత్రం తియ్యనివ్వకండమ్మా. నిద్రలో తనకే తెలీకుండా పీకేస్తారు. అలవాటయ్యేదాకా పక్కన ఎవరో ఒకరు ఉండి మళ్ళీ పెట్టాలి. ఆయనకు ఊపిరి చాలాసేపు ఆగుతోంది, తేలిగ్గా తీసుకోకండి," అన్నాడు. ఆ ఎవరో ఒకరు ఎవరో వేరే చెప్పాలా!

అప్పట్నుంచీ ఆమెకు నిద్ర లేదు. మాస్కు ఊడితే బుస్సుమని గాలి ముఖానికి కొడుతుంది, లేచి తగిలించాలి. తగిలిస్తుంటే ఆయన సరిగ్గా అప్పుడే తేన్చుతాడు. ఇదంతా ఓర్చుకుంది. కానీ నిన్న రాత్రి ఆయన ఉక్కిరిబిక్కిరై లేచి కూర్చుని దగ్గాడు. దగ్గుతో పాటు వచ్చినదంతా వచ్చి ఆమె జుట్టులో పడింది. తెల్లారాక తలంటుకుంది. మళ్ళీ అంటుకుంది. దువ్వుకుంటుంటే ఇంకా పుల్లగా కొడుతూనే ఉన్నట్టనిపించి ఏడుపొచ్చింది.

ఆదివారం కావడంతో మధ్యాహ్నం ఆయన ఇంట్లోనే ఉన్నాడు. భోజనం సుష్టుగా లాగించి, చెయ్యి కడుక్కోగానే మంచం ఎక్కాడు.

"తినగానే పడుకోవద్దని డాక్టరు చెప్పాడా లేదా?"

"పడుకోలేదే, ఆనుకున్నానంతే. కళ్ళు మూతలు పడిపోతున్నాయ్." ఆ మాట పూర్తవుతుండగానే తేన్పు వచ్చింది. కుళ్ళిన కోడిగుడ్డు ముక్కు కింద పగలగొట్టినట్టయింది ఆమెకు.

"ఇక నా వల్ల కాదు. ఇవాళ్టి నుంచి నేను హాల్లో పడుకుంటా."

"మరి రాత్రిళ్ళు మాస్కు..."

"మీరే పెట్టుకోండి, మీరే ఊడబీక్కోండి. మీ పక్కన పడుకోవడం, మురిక్కాలవ పక్కన పడుకోవడం ఒకటే!"

ఆయన మిషను ఆన్ చేసి మాస్కు తగిలించుకున్నాడు. తర్వాత గొట్టం సాగినంత మేర వచ్చి, ఆమె ముఖం వైపు చూడకుండా తనే తలుపు వేసుకున్నాడు.

ఆమె అత్తగారి టీకి స్టవ్ మీద పాలు పెట్టి, ఆవిడ గదిలోంచి దిండూ దుప్పట్లూ హాల్లోకి మోసుకొచ్చింది. పక్క పరిచి, ఉన్న అక్కసంతా దులపడంలో చూపించింది. సోఫాలో కూర్చున్న అత్తగారు కొడుకు చిన్నప్పటి నిద్ర గురించి మొదలుపెట్టింది. ఆ నిద్రకు దిష్టి తగిలిందనీ, ఈ మిషను ఇంట్లోకొచ్చాకే అన్నీ వచ్చాయనీ అంటూ, ఉన్నట్టుండి ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుంది.

"మళ్ళీ మొదలెట్టాడే వీడు."

"చూశారా అత్తయ్యా, తలుపేసుకున్నా ఆగట్లేదు."

ఇద్దరూ కాసేపు ఓపిక పట్టారు. వాసన తగ్గకపోగా ఎక్కువైంది. ఒకే మనిషి కడుపులోంచి ఇంత కంపు ఎలా వస్తుందో ఆమెకు అర్థం కాలేదు. కోపం కూడా కాదది, రోత. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి మీద ఇంత రోత పుడుతుందని ఎప్పుడూ అనుకోలేదు. కూతురు హాస్టలుకు వెళుతూ కొనిచ్చిన మల్లెపూల వాసన కొవ్వొత్తి ఒకటి టీవీ పక్కన ఉంది. మరీ భరించలేనప్పుడు వెలిగించుకోమని ఇచ్చింది. ఆమె కొవ్వొత్తి తీసి బల్ల మీద పెట్టి, వంటింటి గుమ్మం పక్క అరలోంచి అగ్గిపెట్టె అందుకుంది. పుల్ల తీసి పెట్టెకు ఆనించి, మొగుణ్ణి తిట్టుకుంటూ, పాల సంగతి చూద్దామని ఒక అడుగు లోపలికి వేసింది. కాలు జర్రున జారింది.

నేలంతా పాలు. స్టవ్ మీద గిన్నె పొంగి బర్నరు మునిగిపోయింది. మంట లేదు. ‘స్స్’మని సన్నటి చప్పుడు మాత్రం వస్తోంది. చేతిలో పుల్ల పాలల్లో పడిపోయింది. ఆమె నాబు తిప్పి, కింద సిలిండరు కూడా కట్టేసి, గొంతు చించుకుని అరిచింది.

"ఏవండీ! గ్యాస్! గ్యాస్!"

గదిలోంచి మాస్కు చాటు గొంతు వినబడింది. "తెలుసే! కావాలని వదుల్తున్నానా? ఏం చెయ్యమంటావ్?"

"మీది కాదండీ! స్టవ్‌ది!"

తలుపు భళ్ళున తెరుచుకుంది. ఆయన ముఖానికి మాస్కుతో, ఊడిన గొట్టం పొట్ట మీద వేలాడుతూ పరుగెత్తుకొచ్చాడు. "స్విచ్చులు ముట్టుకోకండి! ఫ్యానూ మిషనూ అలాగే తిరగనివ్వండి. అమ్మా, చెప్పుల్లేకపోతే పీడా పోయె, బయటికి నడు!" అంటూ కిటికీలన్నీ బార్లా తీశాడు. ఆ కాసేపూ ఆయన జబ్బు మనిషిలా లేడు.

ముగ్గురూ బయట మెట్ల మీద కూలబడ్డారు. కాస్త తేరుకున్నాక ఆమెకు మళ్ళీ కోపం వచ్చింది. "ఊరందరి ఇళ్ళల్లో గుమ్మంలోంచే పట్టేస్తారే. సొంతింట్లో తెలీలేదా?"

"తెలిసింది," అన్నాడాయన. "గదిలో గాలే కదా ఆ మిషను లాగి కొట్టేది. మాస్కులోకి గుప్పున వచ్చింది."

"మరి లేవరేం?"

ఆయన మాస్కు బెల్టును వేళ్ళకు చుట్టుకున్నాడు. "అది నేనే అనుకున్నా. ఇంకా ఎక్కువవుతుంటే, మీ దాకా రాకూడదని తలుపు కింద దుప్పటి కుక్కి పడుకున్నా."

అత్తగారు తువ్వాలులో ముఖం దాచుకుంది. ఆమెకు కాదని ఓదార్చడానికి లేదు. తనూ ఆయనే అనుకుంది, అగ్గిపుల్ల తీసేటంత గట్టిగా అనుకుంది. మురిక్కాలవ అన్నది తన నోరే. ఆ నోటిమీద తనకే అసహ్యం వేసింది.

ఇల్లు గాలాడాక ఆయన స్టవ్ అంతా విప్పి తుడిచి, ప్రతి అతుకుకీ సబ్బు నురగ పూసి చూసి, గదిలోకి వెళ్ళాడు. ఆమె పాలు కడిగి, హాల్లో పరిచిన పక్క చుట్టి చంకన పెట్టుకుని ఆయన వెనకే వెళ్ళి, దాన్ని మంచం మీద పడేసింది.

ఆయన మంచం అంచున కూర్చుని ఉన్నాడు. "ఇంకా వస్తోందా వాసన?"

"మీరు చెప్పాలి కదా."

"నాకు తెలియట్లేదే. ఏది గ్యాసో ఏది నేనో తేడా తెలియట్లేదు. రేపు ఎవరింటికైనా వెళ్ళి గుమ్మంలో నిలబడి ఏం చెప్పను?"

ఆమె పక్కన కూర్చుంది. "ఏదీ, నోరు తెరవండి."

"ఛీ, వద్దే."

"తెరవండంటే."

తెరిచాడు. ఆమె ముక్కు దగ్గరగా పెట్టి గట్టిగా పీల్చింది. పులిసిపోయిన అన్నం, మాత్రల చేదు, వాటి అడుగున ఇంకేదో కుళ్ళు. ముఖం తిప్పుకోలేదు.

"ఇది మీరే," అంది. "పుల్లగా ఉంది. స్టవ్‌దానికి పులుపుండదు. గుర్తుపెట్టుకోండి."

"చాల్లే, లే. రోత."

"రోతే," అంది ఆమె. "ఇంకోసారి వదలండి."