గాలి తలుపు ఆంజనప్ప

గోనెపట్టాను బక్కెట్లో ముంచి, పిండకుండానే పైకెత్తి, కిటికీ చట్రానికి కొట్టిన మేకులకు తగిలించాడు ఆంజనప్ప. నీళ్ళు గోడ వెంబడి జారి గచ్చు మీద సన్నటి కాలువ కట్టాయి. ఆ కాలువ బల్ల వైపు పోకుండా పాదాన్ని అడ్డం పెట్టి గడప వైపు మళ్ళించాడు. నడుం పట్టుకుని ఒక్క క్షణం ఆగాడు. రొమ్ములో పిల్లి గురక లాంటి చప్పుడు లేచి, సద్దుమణిగింది.

తర్వాత పని బ్రష్షుతో. గడ్డానికి సబ్బు పూసుకునే పాత బ్రష్షు అది, వెంట్రుకలు సగం ఊడిపోయాయి. దాంతో కోడలి లాప్‌టాప్ అంచుల్ని, అడుగున ఉన్న చీలికల్ని దులిపాడు. తెల్లటి పిండి రాలింది. మూతపడిన బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్. ఇక్కడ ఎండాకాలం గాలి లేచిందంటే, బంగారం తీసేశాక గని వదిలిన సైనైడ్ దిబ్బల మన్ను దిబ్బల మీద ఉండదు. అన్నంలో ఉంటుంది, దిండు గలీబులో ఉంటుంది, బీరువాలో మడతపెట్టిన పెళ్ళిచీరలో కూడా ఉంటుంది. కిందనుంచి గాలాడేటట్టు రెండు పెంకు ముక్కల మీద మిషన్‌ను నిలబెట్టి, ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానునూ దాని వైపు తిప్పాడు. కొడుకు శివరాజ్ చీకటితోనే బెంగళూరు రైలెక్కి రంగులు వేసే పనికి పోతాడు. అతని చెప్పుల చప్పుడు సందు దాటగానే ముసలాయన డ్యూటీ ఇట్లా మొదలవుతుంది.

"ఈ పొద్దు ఎంత దులిపినా ఒగటే మామా," అంది ఉమాదేవి, జడ ముడేసుకుంటూ. "కంపెనీ వాళ్ళ మనిషి వస్తా ఉండాడు. మిషన్ తీసుకపోతాడంట."

"యాడికి?"

"బెంగళూరికి. నిన్న మీటింగులో రెండు తూర్లు ఆగిపాయ కదా. ఇది పోతే ఇంగొకటి ఇయ్యరంట. ఆపీసుకే వచ్చి పని చెయ్యి, లేకుంటే వద్దంటారు."

"వద్దంటే?"

"వద్దంటే వద్దే."

ఆమె ఒక కంపెనీకి ఆస్పత్రి బిల్లులు సరిచూసి పెడుతుంది. ఇంటికి నిలకడగా వచ్చే జీతం అదొక్కటే. శివరాజ్ పని దొరికితే ఉంటుంది, లేకపోతే లేదు. ఆమె కూడా చీకటి రైలెక్కితే మళ్ళీ చీకటి పడ్డాకే ఇల్లు చేరుతుంది. ఈలోగా తన రొమ్ము పట్టేస్తే నీళ్ళిచ్చే దిక్కుండదు. తన కోసమే ఆమె కదలడం లేదని ఆంజనప్పకు తెలుసు. ఆ సంగతి ఇద్దరూ ఎత్తరు.

గడప బయటికి పారిన నీళ్ళను చూసి పక్కింటి జెసింతా గొంతెత్తింది. "ఏం మామా, మిషన్‌కి తానం అయిందా? బేతమంగళ నుంచి కొళాయికొచ్చే నీళ్ళు మనుషులకే చాలవు, నువ్వు పెట్టెలకు పోస్తా ఉండావు!"

"నీ నోటి మింద పోసినా అది చల్లబడదు. అందుకే దీనికి పోస్తా ఉండా."

"అది ఆగిపోయినా నా నోరు ఆగదులే!" అని నవ్వుకుంటూ ఆమె లోపలికి పోయింది.

ఆంజనప్ప గనిలో ముప్పై ఏళ్ళు చేశాడు గానీ బంగారం తవ్వలేదు. రాయి ఎత్తలేదు, మందు కూరి పేల్చలేదు. అతని పని తలుపు. భూమిలో మైలుకు మించిన లోతున, బండ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమనే చోట, సొరంగానికి అడ్డంగా బిగించిన చెక్క తలుపు పక్కన కూర్చోవడం. రాతిబండి వస్తే తెరవాలి, పోగానే మూయాలి. మూయకపోతే పైనుంచి దిగిన చల్లగాలి దగ్గరి దారి చూసుకుని వెనక్కి పోతుంది, కొసన పనిచేసేవాళ్ళకు అందదు. తలుపు పక్క గోడలో ఎక్కడ నెర్రె కనబడినా బంకమట్టి మెత్తాలి, గాలిని దొంగ దారిన పోనివ్వకూడదు. ఊపిరి పీల్చినంత సులువైన పని అని మిగతావాళ్ళు అనేవారు.

"అందరి మొగుళ్ళూ బంగారం తీస్తారు, నా మొగుడు తలుపేస్తాడు," అని భార్య గురువమ్మ బతికినన్నాళ్ళూ ఎగతాళి చేసింది. గని కూలీల ఇళ్ళ లైన్లో గాలి తలుపు ఆంజనప్ప అనే పేరు స్థిరపడిపోయింది. అతనెప్పుడూ నొచ్చుకోలేదు. ఒకసారి తన తర్వాత కూర్చోవలసిన మనిషి రాకపోతే రెండో షిఫ్టు కూడా అక్కడే కూర్చున్నాడు. కొసన చేసేవాళ్ళు ఎవరూ గమనించలేదు. ఎవరూ గమనించలేదంటే గాలి సరిగ్గా అందిందనే అర్థం. జీవితంలో చెప్పుకోదగిన సంగతి ఏదని అడిగితే అతను దీన్నే చెప్పేవాడు. ఎవరూ అడగలేదు. గని మూసినప్పుడు ఊరికి ఇంక రోజులు నిండినట్టేనని అన్నారు. ఆ మాట అన్నవాళ్ళు చాలామంది పోయారు. లైన్ ఇళ్ళు మాత్రం రేకుల మీద రేకులు వేసుకుని నిలబడే ఉన్నాయి.

పొద్దు నెత్తికెక్కక ముందే కంపెనీ మనిషి వచ్చాడు. పేరు పురుషోత్తమ్. బంగారపేట వాడే, మెషిన్లు ఇచ్చి పుచ్చుకునే పని. నల్ల సంచి రొమ్ముకు తగిలించుకుని, చొక్కా వీపుకు అంటుకుపోయి, గడపలోనే చెంబెడు నీళ్ళు తాగాడు. లాప్‌టాప్‌ను మూసి, బోర్లించి తొడల మీద పెట్టుకున్నాడు. తెర మడత దగ్గర వేలితో రాస్తూ పోయి ఒకచోట ఆగాడు. గోటితో గీకాడు. నల్లటి టేపు పొడుగ్గా, ఎక్కడా ముడత లేకుండా ఊడి వచ్చింది.

"ఎవురు మేడమ్ ఇది అతికిచ్చింది?"

ఉమాదేవి మామ వైపు తిరిగింది.

"నేనే," అన్నాడు ఆంజనప్ప మంచం మీదనుంచి. "ఆ నెర్రెలో దిబ్బమన్ను పోతా ఉండె. మూసినా."

"అది నెర్రె కాదు తాతా! లోపలి వేడంతా బయటికి పొయ్యేది ఆడనుంచే."

"మల్ల ఈ పక్కా ఆ పక్కా బొక్కలుండాయి కదా?"

"అవి స్పీకర్లు. సౌండు వచ్చేదానికి."

ఆంజనప్ప లేచి వచ్చి, గొంతుక్కూర్చుని, మిషన్ మడతలోకి చాలాసేపు చూశాడు. రెండు పక్కలా వరసగా ఉన్న బొక్కలే వేడి పోయే దారి అనుకున్నాడు. మడత దగ్గరిది సరిగ్గా అతకని సందు అనుకున్నాడు. గనిలో నెర్రె కనబడితే ఏం చేశాడో ఇక్కడా అదే చేశాడు, అంతే శ్రద్ధగా. గాలి లేచిన నాటినుంచి కోడలు ఈ మిషన్ ముందు కూర్చుని మాటలు పడుతూ ఉంటే, దాని ఊపిరి బిగబట్టింది తనే. ఉమాదేవి ఊడిన టేపును తీసి ఉండ చుట్టింది. ఒక్క మాట అనుంటే బాగుండునని అతనికి అనిపించింది.

అతను తల ఎత్తినప్పుడు కళ్ళలో చిన్నబోయిన ఛాయ లేదు. "సౌండుకు అంత దారి పెట్టి, ఊపిరికి ఇంత సందు పెట్టినాడా? ఎవురప్పా వాడు, దీన్ని కట్టినోడు?"

పురుషోత్తమ్‌కు నవ్వాగలేదు. "పల్చగా ఉండాలని జనం అడగతారు తాతా. లావుగా ఉంటే ఎవురూ కొనరు."

"మా ఇంట్లో ఎవురూ అడగలా."

"నిజమే. కానీ ఇది బాగా ఉడికిపోయినాది. చిప్పు మింద పూసే పేస్టు ఎండిపోయింటాది, లోపలి ఫ్యాను అరిగింటాది. ఈ పల్చటివి మన పక్క ఎండకు ఎక్కువ కాలం నిలవవు, నేను దినమూ చూస్తా ఉండా. టేపు తీసినా మల్ల ఆగతాది. ఏమీ అనుకోవద్దు మేడమ్, తెమ్మని చెప్పినారు." సంచి జిప్పు లాగాడు.

ఆంజనప్ప మిషన్ మూత మీద అరచెయ్యి ఆనించాడు. పొడుగాటి చెయ్యి, వేళ్ళ కణుపులు ఉబ్బి, గోళ్ళు పసుపు తిరిగి ఉన్నాయి. బలం లేని చెయ్యే, కానీ తియ్యలేదు.

"నీ రైలు ఎప్పుడు?"

"సాయంత్రం."

"అందాకా స్టేషన్లో ఈగలు తోలుకుంటావా? ఈడనే కూర్చో. మా కోడలు పాపను పని చేసుకోనీ. మీటింగూ చూడు. ఆగిపాయనా, నేనే సంచిలో పెట్టి స్టేషన్ దాకా మోసుకొస్తా. ఆగలేదా, వట్టి సంచితో పో."

"అట్ల రూలు లేదు తాతా..."

"తప్పు నాది. మిషన్‌ది కాదు, ఆ పిల్లది అసలే కాదు. తప్పు చేసినోడు సరి చేస్తానంటా ఉండాడు. వద్దనేదానికి రూలుండాదా?"

పురుషోత్తమ్ బయటికి చూశాడు. సందులో కుక్క కూడా లేదు. ఉమాదేవి మజ్జిగ గ్లాసు ఇచ్చింది. అతను తాగి, మూతి తుడుచుకుని, సంచిలోంచి చిన్న స్క్రూడ్రైవరు తీశాడు. "నేను విప్పినానని ఆపీసులో అనొద్దు మేడమ్," అంటూ అడుగు మూత ఊడదీశాడు. లోపలి ఫ్యాను ఐదు రూపాయల బిళ్ళకు రెండింతలు ఉంటుందేమో. రెక్కల మధ్య దిబ్బమన్ను అట్ట కట్టి ఉంది. ఆంజనప్ప అడగకుండానే బ్రష్షు అందించాడు.

మధ్యాహ్నం మీటింగు మొదలయ్యేసరికి రేకులు టిక్కుటిక్కుమంటున్నాయి. తెర మీద మొహాలు గళ్ళలో నిలబడ్డాయి. ఉమాదేవి బిల్లుల లెక్క చదువుతూ ఉంటే మిషన్ సన్నగా మొదలుపెట్టి కీచుమని మూలిగింది. పురుషోత్తమ్ దాని పక్క వేలు పెట్టి చూసి పెదవి విరిచాడు.

తడి గోనె వైపునుంచి గాలి వస్తోంది. కానీ వచ్చింది వచ్చినట్టు గదిలోనే తిరుగుతోంది. ఆంజనప్ప లేచి వెనక తలుపు తీశాడు. వాలిన తలుపు, దానంతటదే మూసుకుంది. మళ్ళీ తీసి, గడప మీద కూర్చుని, వీపుతో దాన్ని గోడకు నొక్కి పట్టాడు. కిటికీ నుంచి లేచిన చల్లదనం బల్లను తాకి, మిషన్ వెనకనుంచి వచ్చే వేడిని లాక్కుని, అతని చెవి పక్కనుంచి పెరట్లోకి పోయింది. అతనికి ఆ పోక తెలిసింది. చర్మానికి తెలిసింది.

"తాత పక్క ఫ్యాను తిప్పండి మేడమ్, చెమటలు కారతా ఉండాయి," అన్నాడు పురుషోత్తమ్ మెల్లగా.

"ఎవురూ ముట్టుకోవద్దు," అన్నాడు ఆంజనప్ప. "నేను దీనికంటే వేడిలో కూర్చోనుండా. అది కూర్చోలా."

మిషన్ కీచుమంది, తగ్గింది, మళ్ళీ కీచుమంది. తెర మీద ఎవరో ఏదో అడిగారు. ఉమాదేవి తడుముకోకుండా చెప్పింది. ఆమె చూపు ఒకసారి వెనక్కి మళ్ళింది. ముసలాయన 'చదువు చదువు' అన్నట్టు గడ్డం ఆడించాడు. ఎండ పెరటి గోడ దిగేవరకూ అట్లాగే కూర్చున్నాడు. ఆ తర్వాత గోడ పట్టుకుని లేచి, బట్టలుతికే చోటనుంచి ఒక నల్లరాయిని దొర్లించుకుంటూ తెచ్చి తలుపు మొదట్లో పెట్టాడు. కాలితో తోసి చూశాడు. తలుపు కదల్లేదు.

"ఇంగ అది మూసుకోదు," అన్నాడు ఎవరితోనో అన్నట్టు. "నేను రవంత సేపు పండుకుంటా."

మీటింగు ముగిసింది. మిషన్ ఆగలేదు. పురుషోత్తమ్ పెరట్లోకి పోయి ఫోను చేశాడు. "మిషన్ బాగుండాది సార్. నేను కళ్ళారా చూసినా. తెచ్చే పని లేదు." లోపలికొచ్చి సంచి జిప్పు మూశాడు. "ఇంగ ఎన్నాళ్ళు లాగతాదో చెప్పలేను మేడమ్."

"లాగినన్ని నాళ్ళు లాగనీ," అంది ఉమాదేవి. "గని మూసినప్పుడు మమ్మల్ని కూడా అట్లనే అన్నారు కదా."

అతను వట్టి సంచితో సందు దాటాక ఆమె కాఫీ కలిపి మంచం దగ్గరికి తెచ్చింది. "మామా, పోయినాడు. వట్టి సంచే," అంది నవ్వుతూ. ఆంజనప్ప గోడ వైపు తిరిగి, ఒక చెయ్యి చెంప కింద పెట్టుకుని ఉన్నాడు. రొమ్ములో చప్పుడు లేదు. చప్పుడు లేకపోవడం ఆమెకు ముందు మేలనిపించింది. గ్లాసు కింద పెట్టి, భుజం మీద చెయ్యి వేసింది. చాలాసేపు ఆ చెయ్యి తీయలేదు. తర్వాత లేచి, గోడకవతల ఉన్న జెసింతాను పిలిచింది.

కర్మాంతరాలు అయ్యాక కంపెనీనుంచి ఫోను వచ్చింది. పరామర్శ చేసి, కాసేపాగి, పెద్దావిడ ఒకామె అడిగింది. "ఇంట్లో చూసుకోవలసినవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు కదమ్మా, ఇక ఆఫీసుకే వచ్చేయొచ్చుగా?"

"రాను మేడమ్," అంది ఉమాదేవి. "మిషన్ నడస్తా ఉండాది. పని తక్కువైతే అడగండి. నేనీడనే చేస్తా."

ఫోను పెట్టేసి, గోనెపట్టాను ముంచి కిటికీకి తగిలించి, బల్ల ముందు కూర్చుంది. శివరాజ్ తలుపు బందు సరిచేస్తానంటే వద్దంది. వెనక తలుపు మొదట్లో నల్లరాయి పెట్టిన చోటే ఉంది. దాని ఒక పక్క, ముసలాయన చెమట చేత్తో పట్టుకున్న చోట, నాలుగు వేళ్ళ అచ్చులో దిబ్బమన్ను తెల్లగా ఎండిపోయి ఉంది.