చిన్నపోలయ్య చెవులు

పంచాయితీలో చిన్నపోలయ్య ఒకటే మాట మీద నిలబడ్డాడు. "నా ఫోను మోగలేదు."

జనం నవ్వారు. నవ్వరూ మరి? ఆ పొద్దు తెల్లారుతుండగా పాలెంలో ప్రతి ఫోనూ గాలి పెరుగుతోందని చెవులు చిల్లులు పడేలా అరిచింది. అలా అరిచినప్పుడు ఎవరూ పడవ దించకూడదని ఊరంతా కూడి దురాయి పెట్టుకున్నారు. దురాయంటే ఊరి కట్టుబాటు. దాటినవాడి పడవ నెలపాటు ఒడ్డునే ఉండాలి. ఊరికి దూరంగా, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర పడవ కట్టుకునే చిన్నపోలయ్య ఒక్కడే ఆ పొద్దు వేటకు పోయాడు. సముద్రం దయ తలచి మనిషినీ పడవనీ వెనక్కి పంపింది, వలను మాత్రం ఉంచుకుంది.

"అందరి ఫోన్లూ మోగినాయి. నీ ఒక్కడి ఫోనుకేనా నోరు పడిపోయింది?" అన్నాడు ఊరిపెద్ద, పెదకాపు రంగనాయకులు. "యాట మీద ఆశతో పోయినాను, తప్పయింది అను. దానికి అబద్ధం ఎందుకు?"

"అబద్ధం నా నోట రాదు. నా పాప ఈడే ఉండాదిగా, చూసి చెప్పమనండి."

పాపంటే ఆయన కూతురు విజయకుమారి. తడలో ఓ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పని. ఫోన్లను అలా మోగించే గాలి యాప్ చేసిందే ఆమె. పాలెంలో ఇంజనీరు ఆమె ఒక్కతే, కాబట్టి ఈ విషయంలో ఆమె మాటకు తిరుగులేదు.

విజయకుమారి నాయన ఫోను తీసుకుని సెట్టింగులు తెరిచింది. గాలి గంటకు ఎన్ని కిలోమీటర్లు దాటితే ఫోను మోగాలో చెప్పే హద్దు ఎనభై అని ఉంది. ఆమె ఫోనును తన వైపు తిప్పుకుంది.

ఆ హద్దు మూడుచోట్ల ఉంటుంది. యాప్ లోపలి ఫైల్లో ఒకటి, ఆఫీసు సర్వర్‌లో ఒకటి, ఎవరన్నా పెట్టుకుంటే ఫోనులోనే ఒకటి. యాప్ ముందు ఫోనులో వెతుకుతుంది. అక్కడ అంకె దొరికిందా, ఇక సర్వర్ మొహం చూడదు. దొరక్కపోతేనే సర్వర్‌ని అడుగుతుంది. అదీ పలక్కపోతే ఫైల్లో ఉన్నది తీసుకుంటుంది. సముద్రం మీద సిగ్నల్ ఉండదు కదా, దగ్గరున్నదే గెలవాలని ఆ వరస పెట్టింది విజయకుమారే. ఆఫీసులో భుజం కూడా తట్టారు.

ఆ ఎనభై పెట్టిందీ ఆమే. యాప్ వచ్చిన కొత్తలో సర్వర్‌లో హద్దు మరీ తక్కువగా ఉండి, పిల్లగాలికి కూడా ఫోన్లు మోగేవి. పక్కింటి చిట్టి తన కూతురికి చెవులు కుట్టించిన రోజు, అందరూ పంక్తిలో కూర్చుని తింటుండగా నాయన ఫోను కూసింది. "నీ బిడ్డ చేసింది కాకి రెక్క ఆడిచ్చినా అరస్తదబ్బా" అని ఎవరో అంటే పంక్తి మొత్తం నవ్వింది. చిన్నపోలయ్య కూడా నవ్వాడు. ఆమెకు మాత్రం తల కొట్టేసినట్టయింది. నాయన చేయి కడుక్కుని వచ్చేలోపు ఫోను తీసుకుని ఎనభై కొట్టేసింది. తర్వాత ఆఫీసుకు పోయి సర్వర్‌లో నలభైకి సరిచేసింది. ఇప్పుడు బాగుందని ఊరు మెచ్చుకుంది. ఆ మెప్పులో నాయన ఫోనులోని ఎనభై సంగతి మరిచేపోయింది.

ఇప్పుడు చెప్పాల్సింది ఒక్క మాట, నేనే పెట్టానని. చెప్పిందా? లేదు. ఇంజనీరమ్మ కదా, పరువు! వేలు పోయి ఆ అంకెను తుడిచేసింది. వేలు దానంతటదే పోయిందని తర్వాత తనకు తాను చెప్పుకుంది గానీ, ఏ వేలైనా దానంతటదే పోతుందా? ఫోనులో అంకె పోగానే యాప్ బుద్ధిగా సర్వర్‌ని అడిగి నలభై చూపించింది.

"అందరికీ ఉన్నట్టే నలభై ఉంది" అని ఫోను పెదకాపు చేతికిచ్చింది. ఆ మాటలో ఒక్క ముక్క అబద్ధం లేదు. అంత సిగ్గుమాలిన పని మాత్రం ఆమె పుట్టి బుద్ధెరిగాక చేయలేదు.

చిన్నపోలయ్య కూతురి మొహంలోకి చూశాడు. తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. "పాప చెప్పిందంటే మోగే ఉంటది. నాకే ఇనపడలేదేమో."

"ఇనపడలేదంట!" అని వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పడవ ఒడ్డుకెక్కింది.

నాయన కనిపెట్టేశాడని, తన పరువు కోసం కడుపులో దాచుకున్నాడని అనుకుంది విజయకుమారి. అన్నం సయించలేదు, ఆయన ఎదురుపడితే తల దించుకునేది. వారం తిరక్కముందే ఆయన అడిగాడు.

"పాపా, నెల్లూర్లో చెవుల డాక్టరు ఎవురన్నా ఉండారా? పడవెటూ ఒడ్డునే ఉండాది, చూపిచ్చుకుంటా. రేపు సముద్రంలో పక్క పడవోళ్ళ కేక ఇనపడకపోతే కష్టం గదా."

అప్పుడు అర్థమైంది ఆమెకు. నాయన ఏమీ కనిపెట్టలేదు. తన చెవుల కంటే కూతురి మాటను నమ్మాడు, అంతే. 

నెల్లూరు పోయే బస్సులో, వెంకటాచలం ఊరు దాటేలోపు చెప్పేయాలనుకుంది. కిటికీ పక్కన కూర్చున్న నాయన హారన్ మోగినప్పుడల్లా "ఇది ఇనపడింది" అంటున్నాడు. వెంకటాచలం దాటిపోయింది.

ఆస్పత్రిలో ఆయన్ని అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించారు. శబ్దం వినపడితే చెయ్యెత్తమన్నారు. చిన్నపోలయ్య బడిపిల్లాడిలా నిటారుగా కూర్చుని, ఎంత సన్నటి శబ్దానికైనా చెయ్యెత్తాడు. ఎత్తినప్పుడల్లా అద్దం బయట ఉన్న కూతురి వైపు చూసి నవ్వాడు.

"ఈ వయసులో ఇంత మంచి చెవులు నేను చూడలేదు" అన్నాడు డాక్టరు.

చిన్నపోలయ్య మొహం వెలిగింది. వరండాలోకి వచ్చాక ఆ వెలుగు మెల్లగా తగ్గింది. "మరి ఫోను ఎందుకు ఇనపడలేదు పాపా?"

"మోగలేదు నాయనా." తల ఎత్తకుండా అంతా చెప్పింది. పంక్తిలో ఎనభై పెట్టిందీ చెప్పింది, పంచాయితీలో తుడిచేసిందీ చెప్పింది.

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది ఆమెకు.

"నాకు చెప్తే ఏం లాభం?" అన్నాడు చివరికి. "నన్ను అబద్ధాలకోరన్నది నేను గాదు గదా."

 పాలెంలో బస్సు దిగాక ఆయన ఇంటి దారి పట్టకుండా నేరుగా పెదకాపు ఇంటి ముందుకు పోయి ఆగాడు. అరుగు మీద నలుగురు వలలు బాగుచేసుకుంటున్నారు. విజయకుమారి నాయనను దాటుకుని ముందుకు నడిచింది.

"పెదకాపూ" అని పిలిచింది. గొంతు సగమే వచ్చింది.

"గట్టిగా పిలువు పాపా" అన్నాడు వెనక నుంచి చిన్నపోలయ్య. "అందరికీ ఇనపడాల."